స్ఫటికించిన గాజు: దూరదర్శినీ దర్పణాలలో అల్పవ్యాకోచ పదార్థాల చరిత్ర

వ్యాససంగ్రహం

పెద్ద దూరదర్శినుల దర్పణాలు వేడికి వ్యాకోచించి, చలికి సంకోచించి ఆకారం మార్చుకోవడం ఖగోళశాస్త్రానికి చిరకాలం అవరోధంగా నిలిచింది. గాజు పరిశ్రమ దోషంగా ఎంచుతూ వచ్చిన స్ఫటికీకరణమే ఈ అవరోధానికి పరిష్కారంగా మారిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1953లో అమెరికాలోని ఒక ప్రయోగశాలలో జరిగిన పొరపాటే ఈ పదార్థాలకు మూలమన్న ప్రసిద్ధ కథనం చారిత్రకంగా ఎంతవరకు నిలుస్తుందో చర్చించి, భారతదేశంలోని దర్పణాల నేపథ్యాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: గాజు సెరామిక్, ఉష్ణ వ్యాకోచం, దర్పణం, దూరదర్శిని, స్ఫటికీకరణం, జెరోడూర్, కావలూరు.

1. ఉపోద్ఘాతం

1917 నవంబరు 1వ తేదీ రాత్రి కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ శిఖరంపై వంద అంగుళాల హుకర్ దూరదర్శినిని తొలిసారిగా ఆకాశం వైపు తిప్పారు. జార్జ్ ఎలరీ హేల్ దశాబ్దానికి పైగా శ్రమించి నిర్మింపజేసిన యంత్రమది. ఆయన సహచరుడు వాల్టర్ ఆడమ్స్, అతిథిగా వచ్చిన ఆంగ్లకవి ఆల్ఫ్రెడ్ నోయిస్ ఆ రాత్రి అక్కడ ఉన్నారు. దూరదర్శినిని గురుగ్రహం మీద నిలిపి హేల్ కంటికటకంలోకి చూశాడు. ఒక్క గురుబింబం కనిపించవలసిన చోట ఒకదానిపై ఒకటి పడిన ఆరేడు బింబాలు కనిపించాయి. ఆ కాలంలో ప్రపంచంలోకెల్లా పెద్దదైన దర్పణం చెడిపోయిందన్న భయం అక్కడివారిని ఆవరించింది.

కారణం త్వరలోనే తేలింది. పగటిపూట పనివారు గుమ్మటాన్ని తెరిచి ఉంచడం వల్ల ఎండ దర్పణంపై పడింది. దాదాపు నాలుగు టన్నుల ఆ గాజుదిమ్మ లోపల వేడి ఇంకా సర్దుకోలేదు. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో మళ్ళీ వచ్చి ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని చూసినప్పుడు బింబం సూదిమొనలా స్పష్టంగా నిలిచింది. ఏళ్ళ తరబడి సానపట్టిన ఆకారంలో ఏ లోపమూ లేదు. పగటి ఎండ ఆ ఆకారాన్ని కొన్ని గంటల సేపు తాత్కాలికంగా వంచింది, అంతే.

‘అంతే’ అనుకోవడానికి ఖగోళశాస్త్రజ్ఞులకు వీలులేదు. వారికున్నవి ఆ కొన్ని గంటలే. ఒక అడుగు మందం గల సాధారణ గాజులో ఒక చోటికీ మరొక చోటికీ ఒక్క డిగ్రీ సెంటిగ్రేడు తేడా వస్తే, మందంలో తేడా సుమారు 2.6 మైక్రాన్లు ఉంటుంది. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం అర మైక్రాన్ ప్రాంతంలో ఉంటుంది. మంచి దర్పణపు ఉపరితలం ఆ తరంగదైర్ఘ్యంలో ఇరవయ్యో వంతు వరకు, అంటే 25 నానోమీటర్ల వరకు సరిగ్గా ఉండాలని ఆశిస్తారు. ఒక్క డిగ్రీ తేడా ఆ హద్దును వంద రెట్లు దాటిస్తోంది. వంటింట్లో సలసల కాగే టీ పోస్తే గాజుగ్లాసు పగలడానికి కారణమైన గుణమే ఇక్కడా పనిచేస్తోంది. గ్లాసు పగిలి తన లోపాన్ని చాటుతుంది. దర్పణం పగలకుండానే తప్పుడు బింబాన్ని చూపుతుంది.

2. లోహం నుంచి గాజుకు

పరావర్తన దూరదర్శినులు మొదట లోహదర్పణాలతోనే పుట్టాయి. 1668లో న్యూటన్ నిర్మించిన చిన్న దూరదర్శిని మొదలు, 1789లో విలియం హెర్షెల్ పూర్తిచేసిన నలభై అడుగుల దూరదర్శిని, 1845లో ఐర్లండులో లార్డ్ రాస్ నెలకొల్పిన 72 అంగుళాల మహాదర్శిని వరకు అన్నింటిలోనూ రాగి, తగరం కలిపిన తెల్లని కంచునే వాడారు. కేరళలోని ఆరన్ముళ అద్దం కూడా తగరం హెచ్చుగా ఉన్న కంచే. దీపకాంతిలో ముఖం చూసుకోవడానికి తరతరాలుగా పనికివస్తున్న ఈ లోహం నక్షత్రాలను చూడడానికి చాలలేదు. అది త్వరగా మసకబారేది. మళ్ళీ మెరుగుపెట్టిన ప్రతిసారీ దాని ఆకారం మారేది.

1850ల చివరలో లియోన్ ఫూకో గాజుపై పలుచని వెండిపూత వేసిన దర్పణాలను ప్రవేశపెట్టాక లోహయుగం క్రమంగా ముగిసింది. పూత పాడైతే కడిగి కొత్తది వేసుకోవచ్చు, కింది గాజు ఆకారం చెక్కుచెదరదు. అయితే ఈ మార్పిడికి ఒక మూల్యం ఉంది. లోహం వేడిని త్వరగా అంతటా పంచుకుంటుంది. గాజు అలా పంచుకోదు. అంచు చల్లబడినా నడిమిభాగం గంటలకొద్దీ వెచ్చగానే ఉంటుంది. అందువల్ల గాజు దర్పణం పెద్దదవుతున్నకొద్దీ ప్రశ్న స్వరూపమే మారింది. గాజు మొత్తం సమానంగా వ్యాకోచిస్తే నాభిని కొద్దిగా సవరించుకుంటే సరిపోతుంది. అసమానంగా వ్యాకోచించినప్పుడు బింబం చీలిపోతుంది. మౌంట్ విల్సన్‌లో జరిగింది ఇదే.

3. పాలొమార్ పాఠం

హేల్ తన తరువాతి స్వప్నమైన 200 అంగుళాల దర్పణానికి అల్పవ్యాకోచ పదార్థమే కావాలని పట్టుబట్టడంలో ఈ అనుభవం పాత్ర చిన్నది కాదు. మొదటి ఎంపిక కరిగించిన సిలికా. సాధారణ గాజు మీటరుకు, డిగ్రీకి ఎనిమిది తొమ్మిది మైక్రాన్లు వ్యాకోచిస్తే, ఇది అర మైక్రాన్ మాత్రమే వ్యాకోచిస్తుంది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఎలిహు థామ్సన్ పర్యవేక్షణలో సాగిన ఆ ప్రయత్నం సుమారు ఆరు లక్షల డాలర్లు వ్యయమయ్యాక ఆగిపోయింది. సిలికా కరగడానికి కావలసిన ఉష్ణోగ్రత వద్ద అంత పెద్ద దిమ్మను దోషరహితంగా తయారుచేయడం ఆ కాలపు కొలుములకు సాధ్యం కాలేదు.

తరువాత పని కార్నింగ్ గాజు కర్మాగారానికి చేరింది. అప్పటికే వంటపాత్రలకు వాడుతున్న పైరెక్స్ అనే బోరోసిలికేట్ గాజు వారి పదార్థం. దీని వ్యాకోచం సాధారణ గాజులో మూడోవంతు ఉంటుంది. 1934 మార్చి 25న పోసిన మొదటి దిమ్మలో అచ్చు లోపలి దిమ్మెలు ఊడి కరిగిన గాజుపై తేలాయి. అదే ఏడు డిసెంబరు 2న రెండోది పోశారు. అది నెలల తరబడి నెమ్మదిగా చల్లారుతుండగా 1935 జూలైలో కర్మాగారాన్ని వరద ముంచెత్తింది. అయినా దిమ్మ దక్కింది. 1936లో రైలులో అమెరికాను దాటి పాసడీనా చేరింది. యుద్ధకాలపు విరామం తరువాత, 1948 జూన్‌లో పాలొమార్ దూరదర్శిని ప్రారంభమైంది. 1938లో మరణించిన హేల్ దాన్ని చూడలేదు. పైరెక్స్ అడ్డంకిని మూడోవంతుకు తగ్గించింది, తొలగించలేదు. ఇంతకంటే ముందుకు పోవాలంటే గాజు అనే పదార్థం గురించిన అవగాహనే మారవలసి వచ్చింది.

4. దోషం పేరు స్ఫటికీకరణం

గాజు అంటే స్ఫటికించకుండా గట్టిపడిన ద్రవం. కరిగిన సిలికేటులోని అణువులు క్రమపద్ధతిలో అమరే వ్యవధి ఇవ్వకుండా చల్లార్చితే గాజు ఏర్పడుతుంది. వ్యవధి దొరికితే అందులో స్ఫటికాలు మొలుస్తాయి, పారదర్శకత పోతుంది, పాత్ర పెళుసుబారుతుంది. అందుకే కొలిమి దగ్గర పనిచేసేవారికి స్ఫటికీకరణం శత్రువు.

ఈ శత్రువును ఉద్దేశపూర్వకంగా ఆహ్వానించిన తొలి శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సుకు చెందిన రెయోమూర్. ఉష్ణమాపకంపై 80 భాగాల కొలమానం ఆయన పేరుతోనే ప్రసిద్ధం. చైనా పింగాణీ రహస్యం కోసం ఐరోపా అంతా ఆరాటపడుతున్న రోజులవి. గాజుసీసాలను ఇసుక, జిప్సం మిశ్రమంలో పూడ్చి రోజుల తరబడి ఎర్రగా కాల్చితే అవి తెల్లని, అపారదర్శకమైన పదార్థంగా మారుతున్నాయని 1739లో ఆయన ప్రకటించాడు. ‘రెయోమూర్ పింగాణీ’ అన్న పేరైతే మిగిలింది కాని, పరిశ్రమ మాత్రం నిలవలేదు. ఆయన సీసాలలో స్ఫటికాలు పైపొర నుంచి లోపలికి అదుపు లేకుండా పెరిగేవి. ఆ ప్రక్రియ దృఢమైన వస్తువును ఇవ్వలేకపోయింది. తరువాత రెండు శతాబ్దాలకు పైగా ఈ దారిలో చెప్పుకోదగిన ప్రయాణం లేదు.

ఇక్కడే ప్రసిద్ధ కథ ప్రవేశిస్తుంది. 1953లో కార్నింగ్ ప్రయోగశాలలో డోనాల్డ్ స్టూకీ అనే రసాయనశాస్త్రజ్ఞుడు ఒక గాజుపలకను 600 డిగ్రీల వద్ద వేడిచేయడానికి కొలిమిలో ఉంచాడు. నియంత్రణ యంత్రం పాడై ఉష్ణోగ్రత 900 డిగ్రీలకు చేరింది. గాజు కరిగి కొలిమిని పాడుచేసి ఉంటుందనుకుని తలుపు తెరిస్తే, ఆకారం చెదరని తెల్లటి పలక కనిపించింది. పట్టుకారుతో తీస్తుండగా అది జారి నేలపై పడింది. పగలలేదు. లోహంలా ఖంగుమన్నది. 1957లో కార్నింగ్ సంస్థ ప్రకటించిన పైరోసెరామ్, ఆ మరుసటి ఏడు అమెరికా వంటిళ్ళలోకి వచ్చిన తెల్లని కార్నింగ్‌వేర్ పాత్రలు ఈ సంఘటన సంతానమే. క్షిపణుల ముక్కుభాగాలకూ పైరోసెరామ్‌నే వాడారు.

కథ బాగుంది, అందులో అబద్ధమూ లేదు. కాని అల్పవ్యాకోచ పదార్థాల పుట్టుకకు దీన్నే కారణంగా చెప్పడం సరికాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. స్టూకీ చేతిలోంచి జారిపడిన పలకలో ఏర్పడినవి లిథియం డైసిలికేట్ స్ఫటికాలు. ఆ పదార్థపు వ్యాకోచం తక్కువేమీ కాదు, సాధారణ గాజు స్థాయిలోనే ఉంటుంది. ఆ రోజు బయటపడింది దృఢత్వం. వేడికి చలించని గుణానికి మూలం వేరే చోట ఉంది. 1940ల చివరి నుంచి పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎఫ్. ఎ. హమ్మెల్ లిథియం ఖనిజాల వ్యాకోచాన్ని పరిశీలిస్తూ, లిథియం, అల్యూమినియం, సిలికాలు కలిసిన కొన్ని స్ఫటికాలు వేడికి దాదాపు మారవనీ, యూక్రిప్టైట్ వంటివి సంకోచిస్తాయనీ చూపాడు. ప్రమాదం ఊసులేని ఓపికైన కొలతల పని అది. ప్రచారకథల్లో దానికి చోటు దొరకలేదు.

రెయోమూర్‌కు లేనిదీ స్టూకీకి ఉన్నదీ మరొకటుంది. స్టూకీ అప్పటికే గాజులో అతిసూక్ష్మమైన వెండికణాలను పుట్టించి, వాటి చుట్టూ స్ఫటికాలను మొలిపించే పనిలో ఉన్నాడు. బీజాలు గాజు లోపల అంతటా సమానంగా ఉంటే స్ఫటికాలూ అంతటా ఒకేసారి, సన్నగా పెరుగుతాయి. ఆ అవగాహన వల్లనే ఆ తెల్లని పలక ఆయనకు పాడైన నమూనాగా కాక పరిశీలించవలసిన వస్తువుగా తోచింది. ఆ తరువాత వెండికి బదులు టైటానియం డయాక్సైడును బీజద్రవ్యంగా ఆయన స్థిరపరిచాడు. యాదృచ్ఛికత ఎంత ఉన్నా, దాన్ని అందుకోవడానికి సిద్ధంగా ఉన్న ప్రయోగశాల 1739లో లేదు, 1953లో ఉంది.

5. హైడెల్‌బర్గ్ ప్రశ్న, మైన్జ్ జవాబు

1966లో హైడెల్‌బర్గ్‌లోని మాక్స్ ప్లాంక్ ఖగోళశాస్త్ర సంస్థ స్థాపక సంచాలకుడు హాన్స్ ఎల్సెసర్ మైన్జ్‌లోని షాట్ సంస్థను ఒక ప్రశ్న అడిగాడు: నాలుగు మీటర్లకు చేరువైన దర్పణాన్ని అల్పవ్యాకోచ గాజు సెరామిక్‌తో పోయగలరా?

షాట్ సంస్థ చరిత్ర ఖగోళ, సూక్ష్మదర్శినీ శాస్త్రాలతో ముడిపడినది. 1884లో జేనా నగరంలో ఒట్టో షాట్, ఎర్న్‌స్ట్ అబ్బే, జైస్ కుటుంబంతో కలిసి ప్రారంభించిన గాజు ప్రయోగశాల అది. 1945లో జేనా సోవియట్ సైన్యం అధీనంలోకి వెళ్ళబోతున్నప్పుడు అమెరికా సైన్యం 41 మంది గాజు నిపుణులను పశ్చిమ జర్మనీకి తరలించింది. వారి ఆధారంగానే 1952లో మైన్జ్‌లో కొత్త కర్మాగారం వెలిసింది. ఒక దేశం రెండుగా చీలిన చరిత్ర ఈ పదార్థం పుట్టిన చోటును కూడా నిర్ణయించింది.

షాట్ సంస్థలో యుర్గెన్ పెట్జోల్ట్ బృందం లిథియం, అల్యూమినియం, సిలికా మిశ్రమాలపై చేసిన పరిశోధన ఫలితంగా 1968లో జెరోడూర్ వచ్చింది. దాని పనితీరు కొంత వివరంగా చెప్పుకోదగినది. కరిగిన మిశ్రమాన్ని మొదట మామూలు గాజులాగే పోసి, పగుళ్ళు రాకుండా నెమ్మదిగా చల్లారుస్తారు. అందులో టైటానియం, జిర్కోనియం ఆక్సైడులు బీజద్రవ్యాలుగా ఉంటాయి. ఆ దిమ్మను మళ్ళీ వేడిచేసినప్పుడు వాటి చుట్టూ సుమారు 50 నానోమీటర్ల స్ఫటికాలు మొలిచి, బరువులో 70 నుంచి 78 శాతం వరకు ఆక్రమిస్తాయి. ఈ స్ఫటికాలు వేడికి సంకోచిస్తాయి. వాటి నడుమ మిగిలిన గాజు వ్యాకోచిస్తుంది. ఒకటి ముడుచుకున్నంతా మరొకటి సాగుతుంది కనుక మొత్తం దిమ్మ కదలదు. స్ఫటికాలు కాంతి తరంగదైర్ఘ్యం కంటే ఎంతో చిన్నవి కావడంతో పారదర్శకత పోదు. తేనెరంగు ఛాయ మాత్రం మిగులుతుంది. పారదర్శకత ఉండడం వల్ల లోపలి బుడగలను, ఒత్తిడులను కంటితోనే పరీక్షించవచ్చు.

స్ఫటికీకరణ సమయంలో పదార్థం తానే వేడిని విడుదల చేస్తుంది, కొంత కుంచించుకుపోతుంది కూడా. తొందరపడితే దిమ్మ పగులుతుంది. అందుకే పెద్ద దిమ్మలకు ఈ దశ నెలల తరబడి సాగుతుంది. కడపటి లెక్క ఇది: మేలురకం జెరోడూర్ 0 నుంచి 50 డిగ్రీల నడుమ మీటరుకు, డిగ్రీకి 0.02 మైక్రాన్లకు మించి మారదు. మౌంట్ విల్సన్ లెక్కకే తిరిగి వెళితే, ఒక అడుగు మందంలో ఒక డిగ్రీ తేడాకు 2.6 మైక్రాన్లకు బదులు ఆరు నానోమీటర్లు.

మాక్స్ ప్లాంక్ సంస్థ 1969లో ఒక పెద్ద దర్పణాన్నీ, మరో పది చిన్నవాటినీ కలిపి ఒకేసారి కొనుగోలు చేసింది. పరిశోధన ఎంత గొప్పదైనా, ఇంత కొనుగోలు లేకపోతే ఒక వాణిజ్యసంస్థ ఇలాంటి కొలిమిని నిలబెట్టేది కాదు. 1975 చివరకు దర్పణాలు అందాయి. స్పెయిన్‌లోని కలార్ ఆల్టోలో ఆ పెద్ద దర్పణంతో దూరదర్శిని 1984లో పనిచేయడం మొదలుపెట్టింది.

6. పోటీదారులు, విస్తరణ

ఈ రంగంలో షాట్ ఒంటరి కాదు. అమెరికాలో ఓవెన్స్-ఇల్లినాయ్ సంస్థ తయారుచేసిన సెర్‌విట్ ఆస్ట్రేలియాలోని 3.9 మీటర్ల దూరదర్శినికీ, చిలీలోని నాలుగు మీటర్ల దూరదర్శినికీ దర్పణమైంది. సోవియట్ యూనియన్‌లో సిటాల్, జపాన్‌లో ఒహారా సంస్థవారి క్లియర్‌సెరామ్ ఇదే కోవకు చెందుతాయి. కార్నింగ్ మాత్రం స్ఫటికాల జోలికి పోకుండా సిలికాలో టైటానియం కలిపి దాదాపు శూన్యవ్యాకోచాన్ని సాధించింది. హబుల్ అంతరిక్ష దూరదర్శిని దర్పణం దానితో చేసిందే. పదార్థం ఎంత స్థిరమైతే అందులోకి చేరిన తప్పు కూడా అంత స్థిరమని హబుల్ నిరూపించింది: సానపట్టడంలో జరిగిన పొరపాటు కక్ష్యలోనూ మారకుండా నిలిచింది, కనుకనే 1993లో దాన్ని లెక్కగట్టి సవరించగలిగారు.

అరిజోనా విశ్వవిద్యాలయంలో రోజర్ ఏంజెల్ పూర్తిగా భిన్నమైన దారి పట్టాడు. బోరోసిలికేట్ గాజును తిరిగే కొలిమిలో తేనెపట్టు ఆకారంలో పోసి, ఆ గూళ్ళలోకి గాలిని పంపి ఉష్ణోగ్రతను సమంగా ఉంచే పద్ధతి అది. 8.4 మీటర్ల దర్పణాలు అలా తయారై చక్కగా పనిచేస్తున్నాయి. శూన్యవ్యాకోచమే ఏకైక మార్గమన్న వాదన దీనితో నిలవదు.

కెక్ దూరదర్శినులు రెండింటిలోనూ 36 చొప్పున అమర్చిన షడ్భుజ ఖండాలు, చిలీలోని ఐరోపా దక్షిణ వేధశాలవారి నాలుగు 8.2 మీటర్ల దర్పణాలు జెరోడూర్‌వే. ఇప్పుడు అటకామాలో నిర్మాణంలో ఉన్న 39 మీటర్ల దూరదర్శినికి 798 ఖండాలు కావాలి. వాటిని పోయడం 2018లో మైన్జ్‌లో మొదలైంది. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరిట 1999లో కక్ష్యలోకి వెళ్ళిన చంద్ర ఎక్స్‌రే వేధశాలలో నాలుగు జతల గొట్టపు దర్పణాలు ఇరిడియం పూతపూసిన జెరోడూర్‌తో చేసినవే. సిలికాన్ చిప్పులపై నమూనాలను ముద్రించే యంత్రాలలోనూ, విమానాల, క్షిపణుల దిశను తెలిపే రింగ్ లేజర్ గైరోస్కోపులలోనూ ఈ తరగతి పదార్థాలు వాడుకలో ఉన్నాయి. హైదరాబాదులోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ అటువంటి గైరోస్కోపులతో పనిచేసే మార్గనిర్దేశక వ్యవస్థలను రూపొందించింది.

7. మన దర్పణాలు

ఈ పదార్థానికి తెలుగులో స్థిరపడిన పేరు లేదు. ‘గాజు’ అన్న మాట పదార్థానికీ చేతి ఆభరణానికీ ఒకటే; ‘పింగాణీ’ అనగానే తెల్లని జాడీ గుర్తుకొస్తుంది, పారదర్శకత స్ఫురించదు. అందువల్లనే ఈ వ్యాసంలో ‘గాజు సెరామిక్’ అన్న మిశ్రమపదాన్ని వాడవలసివచ్చింది.

పేరు లేకున్నా, వస్తువు మన దేశానికి వచ్చింది. 1901లో స్థాపితమైన హైదరాబాదు నిజామియా వేధశాలలో తండ్రి పనిచేస్తుండగా, ఆ పరిసరాలలో పెరిగిన వేణు బప్పు తరువాతి కాలంలో భారతీయ ఖగోళభౌతిక సంస్థకు సారథి అయ్యాడు. తమిళనాడులోని కావలూరులో 2.34 మీటర్ల దూరదర్శినిని దేశంలోనే నిర్మించాలన్నది ఆయన సంకల్పం. దర్పణానికి కావలసిన జెరోడూర్ దిమ్మ జర్మనీ నుంచి వచ్చింది. దాన్ని సానపట్టే పని బెంగళూరులోని సంస్థ ప్రయోగశాలలోనే జరిగింది. బప్పు 1982లో మరణించాడు. దూరదర్శినిని 1986 జనవరి 6న ప్రారంభించి ఆయన పేరు పెట్టారు. పాలొమార్‌లో హేల్‌కు జరిగినట్లే ఇక్కడా జరిగింది.

లదాఖ్‌లోని హాన్‌లేలో రెండు మీటర్ల చంద్ర దూరదర్శినికి కార్నింగ్ దర్పణం ఉంది. నైనితాల్ సమీపంలోని దేవస్థల్‌లో 2016లో ప్రారంభమైన 3.6 మీటర్ల దూరదర్శిని దర్పణాన్ని జర్మనీలో పోశారు, రష్యాలోని లిత్కారినోలో సానపట్టారు, బెల్జియం సంస్థ నిర్మించిన చట్రంలో అమర్చారు. కోల్‌కతాలోని కేంద్రీయ గాజు, సెరామిక్ పరిశోధన సంస్థ ఆత్మారామ్ నాయకత్వంలో కటకాలకు వాడే గాజును దేశీయంగా సాధించింది. అయినా ఈ మూడు పెద్ద దర్పణాలకూ దిమ్మలు విదేశాలవే అయ్యాయి. దీనికి నైపుణ్యలోపాన్ని కారణంగా చూపడం తేలిక. కాని మాక్స్ ప్లాంక్ సంస్థ ఒకేసారి పదకొండు దర్పణాలు కొన్న సంగతి గుర్తుంచుకుంటే, పదిహేనేళ్ళకొకటి చొప్పున కొనే దేశంలో అలాంటి కొలిమి ఎందుకు వెలగలేదో అర్థమవుతుంది.

492 ఖండాలతో రూపొందుతున్న ముప్పై మీటర్ల దూరదర్శినిలో భారతదేశం భాగస్వామి. నిర్మాణస్థలం వివాదంలో ఉన్నా, ఖండాలలో కొన్నింటిని సానపట్టడానికి బెంగళూరు సమీపంలోని హోసకోటెలో ఒక కర్మశాల ఏర్పడింది. అక్కడ మెరుగుపెట్టే దిమ్మలు ఒహారా సంస్థవారి క్లియర్‌సెరామ్. అవి జపాన్ నుంచి వస్తాయి.